బొమ్మల సినిమాలకు నన్ను రెండుసార్లే పిలిచారు

మా ఇంట్లో మగవాళ్లు మొదటి పిలుపుకు బయటికి వచ్చేవారు కాదు. పెళ్లికి పిలవడానికి వచ్చినా, బడి వార్షికోత్సవానికి పిలవడానికి వచ్చినా మొదటిసారి "ఊళ్లో లేరండి" అని చెప్పించేవారు. రెండోసారి "పూజలో ఉన్నారండి" అనేవారు. మూడోసారి మా తాతగారు కండువా సర్దుకుంటూ వసారాలోకి వచ్చి, వాళ్లు వచ్చిన సంగతి అప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టేవారు. ఇందులో మోసమేమీ లేదు. పిలిచేవాళ్లకు ఈ పద్ధతి తెలుసు. మొదటి రెండుసార్లు మజ్జిగ తాగి వెళ్లిపోయేవారు. ఫలానా ఇంటికి మూడుసార్లు వెళ్లి పిలుచుకొచ్చాం అని చెప్పుకోవడం వాళ్లకూ గొప్పే.

మా నాన్నగారు ఏలూరులో సినిమా హాలు నడిపిన రోజుల్లోనూ ఈ పద్ధతి సాగింది. తర్వాత పొలాలు పోయాయి, ఆ తర్వాత హాలు పోయింది. ఎలా పోయాయో ఇక్కడ రాయను. హాలున్న చోట ఇప్పుడు మూడంతస్తుల కాంప్లెక్సు ఉంది. కింద సెల్‌ఫోన్లు, పైన కళ్లజోళ్లు అమ్ముతారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో చేరి, ప్యాసింజరు రైల్లో వెళ్లి వస్తూ ముప్ఫై ఏళ్లు గడిపి రిటైరయ్యాను. వట్లూరులో ఒక అపార్ట్‌మెంటు మొదటి అంతస్తులో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. ఇక్కడ నన్ను దేనికైనా పిలవడానికి ఒక్కసారి కూడా ఎవరూ రాలేదు. అందుకే ఆ పద్ధతి మరిచిపోయాననుకున్నాను. మొన్నటి దసరా సెలవుల్లో అది మళ్లీ నా ఒంట్లోంచి బయటికొచ్చింది.

మా వెనక వీధిలో ఒక డ్రాయింగు టీచరు ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ప్రైవేటు స్కూల్లో పనిచేస్తుంది, సాయంత్రాలు కాలనీ పిల్లలకు ఊరికే బొమ్మలు నేర్పుతుంది. దసరా సెలవుల్లో మూడు రోజులు కాలనీ కమ్యూనిటీ హాల్లో పిల్లలకు యానిమేషన్ సినిమాలు వేయాలని ఆ అమ్మాయి పూనుకుంది. టిక్కెట్టు లేదు. ఏ కాలనీ పిల్లలైనా, ఏ ఊరి పిల్లలైనా రావచ్చు. దేశదేశాల చిన్న చిన్న బొమ్మల సినిమాలట, చాలావాటికి మాటలే ఉండవట. కాలనీ గ్రూపులో ఆ సంగతి పెట్టినప్పుడు చివర ఒక మాట రాసింది: సినిమాతో అనుబంధం ఉన్న పెద్దవారు ఒకరు దీన్ని ప్రారంభిస్తారు.

ఆ పెద్దవారు నేనే అని నాకు వెంటనే తెలిసిపోయింది. ఏలూరులో పిల్లలకు డబ్బుల్లేకుండా బొమ్మ వేసిన ఇల్లు మాది. ఏటా పెద్ద పరీక్షలయ్యాక ఒక ఉదయం ఆట మా నాన్నగారు బళ్ల పిల్లలకు వదిలేసేవారు. ఆ రోజు నేను మెట్ల పైన నిలబడి, లోపలికి వెళ్లే పిల్లల్ని చూసేవాణ్ని. వాళ్లు నన్ను చూసేవారు. అలా చూసినవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో, వాళ్లకు గుర్తుందో లేదో తెలియదు. నాకు మాత్రం గుర్తుంది. గ్రూపులో ఆ మాట చదివిన రోజునే ఒక పొడుగు నోటుబుక్కు తీసి ఉపన్యాసం రాయడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలయింది. బీరువాలోంచి సిల్కు లాల్చీ తీయించి ఇస్త్రీకి ఇచ్చాను. మా ఆవిడ ఎందుకని అడగలేదు. ఆవిడ ఫోన్లోనూ ఆ గ్రూపు ఉంది.

ఆ అమ్మాయి మొదటిసారి ఉదయం పదింటికి స్కూటీ మీద వచ్చింది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. తలుపు దగ్గర "బాబాయిగారున్నారాండీ?" అని వినబడగానే నా కాళ్లు నన్ను వెనక గదిలోకి తీసుకుపోయాయి. పోతూ పోతూ మా ఆవిడకు చేత్తో సైగ చేశాను. ఆవిడ పాతికేళ్లు తన అత్తగారి హయాంలో, అంటే మా అమ్మ హయాంలో కాపురం చేసిన మనిషి. సైగ అర్థమైంది.

"ఊళ్లో లేరమ్మా" అంది.

గుమ్మంలో నా చెప్పులున్నాయి. కింద నా స్కూటరుంది. టీపాయ్ మీద నా కాఫీ పొగలు కక్కుతోంది. ఆ అమ్మాయి మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

నేను బయటికొచ్చి పేపరు తీసుకున్నాను. మా ఆవిడ తలుపు వేసి నా ఎదురుగా నిలబడింది. "ఏవండీ, నాతో ఇలా అబద్ధాలు ఆడించడానికి పూర్వం వసారా ఉండేది, దాని వెనక నాలుగు గదులుండేవి. ఇప్పుడు మీరు దాక్కున్న చోటి నుంచి మీ దగ్గు కూడా వినబడుతుంది" అంది.

దగ్గలేదన్నాను. దగ్గారంది.

రెండోసారి రెండు రోజుల తర్వాత సాయంత్రం వచ్చింది. పూజలో ఉన్నారని మా ఆవిడ చెప్పింది. ఆ అమ్మాయి వెంటనే వెళ్లకుండా కూర్చుంది, కాఫీ తాగింది. నేను గది తలుపు వెనక నిలబడి విన్నాను. ప్రొజెక్టరు ఎవరో కాలేజీవాళ్లు ఇస్తున్నారట. హాలు కిటికీలకు కట్టడానికి పెదపాడు నుంచి రైతులు ధాన్యం ఆరబోసుకునే బరకాలు ఇస్తామన్నారట, ఇంకా కోతలు రాలేదు కనక అవి ఖాళీగానే ఉన్నాయట. గుండుగొలను నుంచి కూడా పిల్లలు ఆటోల్లో వస్తామన్నారట. చెబుతున్నంతసేపూ గొంతులో అలుపు లేదు. ఇరవై నిమిషాలు చూసింది. నేను బయటికి రాలేదు. అయినా ఇది రెండోసారే కదా.

మూడో పిలుపు శుక్రవారం వస్తుందనుకున్నాను. శనివారం ప్రారంభం కనక అంతకంటే ఆలస్యం చేయదు. శుక్రవారం తొందరగా స్నానం చేసి, లాల్చీ వేసుకుని, హాల్లో కూర్చున్నాను. ఈసారి లోపలికి పోనక్కర్లేదు. మా ఆవిడ ఒక గ్లాసు డికాక్షను ఎక్కువ దింపింది. కింద స్కూటీ చప్పుడైన ప్రతిసారీ నేను వీపు నిటారుగా పెట్టుకునేవాణ్ని. పదకొండు అయింది, పన్నెండు అయింది. అప్పుడు ఫోను మోగింది, గ్రూపులో ఒక రంగుల కాగితం పడింది. దాని మధ్యలో ఒక ముసలాయన ఫోటో ఉంది. రేపటి పండగను సినిమా ఆపరేటరుగా జీవితమంతా పనిచేసిన ఈ పెద్దాయన ప్రారంభిస్తారు అని రాసి ఉంది.

ఆ ముఖం నాకు తెలుసు. ఆయన మా హాలు ఆపరేటరు.

కొల్లేరు లంకల్లో ఒక ఊరి నుంచి వచ్చాడు. రోజూ అంత దూరం సైకిలు మీద వచ్చి, కొన్నేళ్లకు ఏలూరులోనే ఒక గది తీసుకున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను బాబుగారూ అనేవాడు, నేను నువ్వు అనేవాణ్ని. ఆయన పనిచేసే క్యాబిన్లోకి మా ఇంట్లో ఎవరమూ వెళ్లేవాళ్లం కాదు. అక్కడ వేడి, మెషీను దీపంలో మండే కార్బన్ల పొగ, ఆయన తెచ్చుకున్న చేపల పులుసు వాసన. మేం బాల్కనీలో మా బాక్సులో కూర్చునేవాళ్లం. మా హాలు మూతపడ్డాక ఆయన మరో హాల్లో చేశాడని, అదీ పోయాక పెదపాడు వైపు చేపల చెరువుల మీద మేత చల్లే పనికి కుదిరాడని విన్నాను. ఒకసారి బస్సులోంచి చెరువుగట్టు మీద ఒక మనిషిని చూసి ఆయనేమో అనుకున్నాను. దిగి అడగలేదు. ఇప్పుడు ఆయన కూతురు ఇంట్లో, మా కాలనీకి అవతల, నాకు పది నిమిషాల నడక దూరంలో ఉన్నాడన్న సంగతి ఆ రంగుల కాగితం చూశాకే తెలిసింది.

నాకు కలిగింది కోపం కాదు. కోపమైతే ఎవరినో ఒకరిని అని చల్లారేవాణ్ని. ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాను. చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకున్నాడు, నవ్వలేదు. ఆ ఫోటో ఉన్న చోట నా ఫోటో ఎలా ఉండేదో ఊహించుకున్నాను. మా హాలు పోయింది, మా బాక్సు పోయింది, ఆఖరికి మా హాలు జ్ఞాపకం కూడా మా చేతిలో లేకుండా పోయి, మా దగ్గర పనిచేసినవాడి చేతికి వెళ్లిందే అనిపించింది. అసూయ అంటే ఇదేనని తెలియడానికి నాకు అరవై ఆరేళ్లు పట్టింది. అంతకుముందు నేను అసూయపడదగ్గ మనుషులు ఉన్నారని ఒప్పుకునేవాణ్ని కాదు.

మా ఆవిడ ఆ కాగితం తన ఫోన్లో చూసి, ఎక్కువ దింపిన డికాక్షనుతో తనే కాఫీ కలుపుకుంది. "మూడోసారి వస్తుందని కూర్చున్నారా? మీ ఇంటి పద్ధతి ఆ పిల్లకు ఎవరు చెప్పారండీ? మీరు చెప్పారా, నేను చెప్పానా?" అంది.

శనివారం నేను వెళ్లనన్నాను. ఆవిడ పక్క ఫ్లాటు ఆవిడతో కలిసి వెళ్లింది. అరగంట ఆగి నేనూ బయల్దేరాను. లాల్చీ జేబులో నాలుగు పేజీలూ ఉన్నాయి. ఎందుకు పెట్టుకున్నానంటే చెప్పలేను.

కమ్యూనిటీ హాలు కిటికీలన్నిటికీ నీలం బరకాలు కట్టారు. మధ్యాహ్నం రెండున్నరకు లోపల అంతా నీలం చీకటి, పాత ధాన్యం వాసన, పిల్లల చెమట వాసన. చాపల మీద ఖాళీ లేదు. గోడ వారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు పెద్దవాళ్లతో నిండిపోయాయి. అందరికంటే ముందు, తెరకు ఒక పక్కన, ఒకే ఒక్క మెత్త కుర్చీ ఉంది. ఆయన దాంట్లో మోకాళ్లు దగ్గర పెట్టుకుని, ఆ కుర్చీ ఎవరిదో అయినట్టు అంచు మీద కూర్చున్నాడు. మెళ్లో బంతిపూల దండ. ప్రారంభం అయిపోయింది.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. పదేళ్ల ఆడపిల్ల ఒకతి చాప మీద నుంచి వెనక్కి తిరిగి చూసింది. "తాతగారూ, వెలుతురొస్తోందండి. లోపలికన్నా రండి, బయటికన్నా వెళ్లండి" అంది.

లోపలికి వెళ్లి తలుపు వేశాను.

తెర మీద ఒక నత్త తన గుల్ల మీద చిన్న ఇల్లు కట్టుకుని, ఆ ఇంటికి కిటికీలు పెట్టుకుని, కిటికీల్లో దీపాలు పెట్టుకుని వెళ్తోంది. వాన వస్తే కిటికీలు మూసుకుంటోంది. పిల్లలు నవ్వుతున్నారు. అది అయిపోగానే టీచరమ్మాయి లైటు వేసి, తాతగారు మీకు సినిమా ఎలా కదులుతుందో చెబుతారు అంది. ఆయన లేచాడు. మైకు వద్దన్నాడు. చేతులు కట్టుకునే మాట్లాడాడు, మా నాన్నగారి ఎదుట నిలబడ్డట్టు.

ముందు ఒక నోటుబుక్కు అడిగి, దాని మూలల్లో పెన్సిలుతో చేపను గీశాడు. ఒక పేజీలో నోరు మూసుకున్న చేప, తర్వాతి పేజీలో కొంచెం తెరిచిన చేప, ఆ తర్వాత ఇంకొంచెం. గీసినంతసేపూ హాలంతా కదలకుండా కూర్చుంది. పేజీలు బొటనవేలితో విడిచేసరికి చేప మేత మింగింది. పిల్లలు చాపల మీద నుంచి లేచి ఆయన మీద పడ్డారు. చెరువుల దగ్గర చేపలు నోళ్లు ఎలా తెరుస్తాయో పదిహేనేళ్లు చూశానని, అందుకే అది ఒక్కటే గీయడం వచ్చని చెప్పాడు.

తర్వాత పాత హాళ్ల సంగతి చెప్పాడు. ఒక సినిమాకు చాలా రీళ్లుంటాయి, రెండు మెషీన్లుంటాయి. ఒక మెషీను మీద రీలు అయిపోయే ముందు తెర కుడి పక్క పై మూలలో చిన్న చుక్క కనబడి మాయమవుతుంది. అది కనబడగానే రెండో మెషీను మొదలుపెట్టాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే తెర తెల్లబోతుంది, జనం ఈలలు వేస్తారు.

"ఆ చుక్క కోసం కాచుకుని కూర్చోవడంలో, ఒక్క బొమ్మ కూడా కథ తెలిసేలా చూడలేదమ్మా నేను" అన్నాడు.

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. మా హాల్లో వేసిన ప్రతి సినిమానూ పదిసార్లకు తక్కువ కాకుండా చూసిన మనిషిని నేను. డైలాగులు ముందే చెప్పేవాణ్ని. ఆ చుక్క నాకు ఎప్పుడూ కనబడలేదు. అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. నా సినిమా హాలు గురించి నాకు తెలియని సంగతి నా ఎదుటే నలుగురికీ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నాడే అనిపించింది.

అప్పుడు ఆయన నన్ను చూశాడు. చూసిన వెంటనే దండ తీసి చేత్తో పట్టుకుని, పిల్లల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చాడు.

"బాబుగారూ, మీరు నిలబడ్డారేంటండీ? రండి, కుర్చీలో కూర్చోండి" అన్నాడు.

నా భుజం ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే నన్ను కుర్చీ దాకా నడిపించాడు. టీచరమ్మాయి కంగారుగా వచ్చింది. రెండుసార్లు ఇంటికి వచ్చానని, ఊళ్లో లేరని ఒకసారి, పూజలో ఉన్నారని ఒకసారి పిన్నిగారు చెప్పారని అంది. "పూజలు ఎక్కువ చేసుకుంటారేమో, ఈ బొమ్మల సినిమాలు ఇష్టం ఉండవేమో, మళ్లీ వచ్చి విసిగించడం ఎందుకని ఆగిపోయానండి బాబాయిగారూ" అంది. ఆ మాటలో ఎక్కడా వెటకారం లేదు. గోడ వారన మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను కుర్చీలో కూర్చున్నాను. కూర్చోకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది కానీ, ఆ క్షణంలో నాకు న్యాయంగా రావలసినది వచ్చినట్టే ఉంది. ఆయన చాప మీద పిల్లల మధ్య చతికిలబడ్డాడు. అంతే, హాలు ముందు భాగం అంతా అటు తిరిగిపోయింది. నోటుబుక్కులు ఆయన ఒళ్లోకి వచ్చి పడుతున్నాయి. మెత్త కుర్చీ ఒక్కటే ఇటు మిగిలింది, దాంట్లో నేను.

టీచరమ్మాయికి నా మీద జాలి వేసిందో, మర్యాద కోసమో, మైకు తెచ్చి రెండు మాటలు చెప్పమంది. నేను నాలుగు పేజీలు తీశాను. మా తాతగారి నుంచి మొదలుపెట్టాను. హాలు ముందు ఎన్ని మెట్లున్నాయో, తెర ఎంత పొడుగో, ఎవరెవరు వచ్చి మా బాక్సులో కూర్చున్నారో చదివాను. రెండో పేజీ మధ్యకు వచ్చేసరికి పిల్లల చాపలు గరగరలాడాయి. మడిచి జేబులో పెట్టుకుని, ఏమైనా అడగండి అన్నాను.

ఇందాకటి ఆడపిల్లే చెయ్యెత్తింది. "మీరు మెషీను ఎప్పుడైనా తిప్పారాండీ?"

నేను నోరు తెరవకముందే చాప మీద నుంచి ఆయన జవాబు చెప్పాడు. "తిప్పారమ్మా. బాబుగారికి అన్నీ వచ్చు. నాకంటే బాగా తిప్పేవారు."

పిల్లలందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. ఈ మధ్యాహ్నమంతా నేను కోరుకున్నది అదే. ఆ చూపులు, ఆ నోళ్లు తెరుచుకోవడం. ఊరుకుంటే చాలు, అది నాదే. కానీ ఇచ్చింది ఆయన. మా హాల్లో ముప్ఫై అడుగుల అవతల వేడిలో కూర్చున్న మనిషి, నేను ఒక్కసారి కూడా ఆ గది తలుపు తీసి చూడని మనిషి, తన దగ్గరున్నది కొంత తీసి నాకు పెడుతున్నాడు. మా ఇంట్లో ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం నేర్పలేదు. పుచ్చుకోవడం రాకే ఇంత దాకా వచ్చామని మా ఆవిడ అంటుంది. అయినా నాకు చేతకాలేదు.

"లేదమ్మా. నేను ఆ గదిలోకి కూడా వెళ్లలేదు. తిప్పింది ఆయనే" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు, తప్పు తనదైనట్టు. ఆ పిల్ల ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"మరి మీరేం చేసేవారండీ?"

"సినిమా చూసేవాణ్ని."

"ఓ, మాలాగే" అంది, ఇక అందులో అడగడానికేమీ లేనట్టు తెర వైపు తిరిగి కూర్చుంది.

టీచరమ్మాయి తర్వాతి బొమ్మ మొదలుపెట్టమని ఆయన్నే పిలిచింది. ఆయన నా వంక చూశాడు, వెళ్లనా అన్నట్టు. నేను తల ఊపాను. లేచి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి, ఏ బటనో ఆ అమ్మాయిని రెండుసార్లు అడిగి, చూపుడువేలితో నొక్కాడు. తెర వెలిగింది. పిల్లలు ఆయన కోసం చప్పట్లు కొట్టారు, బరకాలు అదిరేలా.

నేనూ కొట్టాను. నా అసూయ తీరిందని రాస్తే అబద్ధమవుతుంది, ఆ వారానికి మా ఇంట్లో ఆడించిన అబద్ధాలు చాలు. గోడ వారగా కూర్చున్న మా ఆవిడ తెర వైపు చూడకుండా నా చేతుల వైపే చూస్తోంది. అవి ఒకదానికొకటి తగిలాయో లేదో ఆ చీకట్లో ఆవిడకు ఎంతవరకు తెలిసిందో నేను అడగలేదు.